మూడు రాష్ట్రాలు మారినా.. చెదరని ఓటు
పేపర్లు అమ్మిన కుర్రాడి నుంచి ముఖ్యమంత్రి దాకా కన్నంవార్

చంద్రపూర్: చిన్నప్పుడు పేపర్లు అమ్ముకున్న పేదింటి కుర్రాడు మహారాష్ట్రకు రెండో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనే మారోత్‌రావు కన్నంవార్. ఇంటిపేరు చివరనున్న 'వార్' మన 'వారు' నుంచే వచ్చిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు.

1900 జనవరి 10న అప్పటి చాందా జిల్లాలో పుట్టారు. స్వాతంత్య్ర పోరాటంలో జైలుకెళ్లారు. 1952 ఎన్నికల్లో గెలిచే నాటికి చాందా మధ్యప్రదేశ్‌లో ఉండేది. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, ఎనిమిదేళ్లలో రాష్ట్రమే రెండుసార్లు మారింది!

అలా మారినా ఇక్కడి ఓటరు గొంతు ఆగలేదు. మన రాష్ట్రాలకు విడిగా రాజ్యాంగాలు లేవు. దేశ రాజ్యాంగంలోని ఆరో భాగమే వాటికి రాజ్యాంగం. హద్దులు మార్చే అధికారం మూడో అధికరణం కింద పార్లమెంటుది. అయితే 1956లో హద్దులు మార్చిన చట్టమే, చేతులు మారిన ప్రాంతాల ఎమ్మెల్యేలను కొత్త సభలో సభ్యులుగా కొనసాగించింది. జనం వేసిన ఓటు మధ్యలో చెల్లకుండా పోలేదు.

1962లో చైనా యుద్ధ సమయంలో యశ్వంత్‌రావు చవాన్ రక్షణ మంత్రిగా ఢిల్లీ వెళ్లారు. ఆ నవంబరు 20న సావలి ఎమ్మెల్యే కన్నంవార్ ముఖ్యమంత్రి పీఠం ఎక్కారు. విదర్భ నుంచి ఆ కుర్చీలో కూర్చున్న తొలి నేత ఆయనే. భద్రావతి ఆయుధ కర్మాగారం ఆయన చలవేనని జిల్లా వాసులు ఇప్పటికీ తలచుకుంటారు.

ఏడాది తిరిగిందో లేదో, 1963 నవంబరు 24న పదవిలో ఉండగానే కన్నుమూశారు. మర్నాడే పి.కె.సావంత్ తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. డిసెంబరు 5న వసంత్‌రావు నాయక్ ముఖ్యమంత్రి అయ్యారు. మనిషి పోయినా కుర్చీ ఖాళీగా ఉండలేదు. సభలో మెజారిటీ ఎవరికుంటే వారిదే సర్కారు అన్న పద్ధతి తప్పలేదు.

సరిహద్దు తెలుగువారికి ఇందులో మరో ముచ్చట ఉంది. హద్దులు మారిన ఆ 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక చదువు అమ్మభాషలో అందేలా చూడాలని అది రాష్ట్రాలకు చెబుతోంది. అయితే కాగితం మీది హక్కు బడి దాకా రావాలంటే అడిగేవాళ్లుండాలి. రాష్ట్రం ఏదైనా, తన జనం తరఫున సభలో నిలబడి అడిగిన కన్నంవార్ బతుకు చెప్పేదీ అదే.