సింహాసనం వదిలి పెనుకొండ చేరిన ఫకీరు

ఇంకా కావాలి, ఇంకా కూడబెట్టాలి అనే తపన మనిషిని సమాధి దాకా వదలదని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది. ఆ తపనను జయించిన ఒక మహనీయుడు మన రాయలసీమ గడ్డపైనే విశ్రమిస్తున్నారు. ఆయనే హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ (రహ్మలై). పెనుకొండ ప్రాంతంలో హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా అందరూ ఆయన్ని బాబయ్య అనే పిలుచుకుంటారు.

ఆయన సీస్తాన్ పాలకుడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నేటి ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దుల్లోని ప్రాంతం అది. అధికారం, సంపద, సేవకులు అన్నీ ఉన్నా ఆయన మనసుకు శాంతి లేకపోయింది. రాజ్యాన్ని వదిలి సత్యాన్వేషణలో బయలుదేరారు. తమిళనాడులోని తిరుచిరాపల్లి చేరి హజ్రత్ నత్తర్ వలీ (రహ్మలై) శిష్యరికం స్వీకరించారు. ఆ గురువు కూడా రాచరికాన్ని త్యజించినవారే అంటారు. నిన్నటిదాకా ఆజ్ఞాపించిన వ్యక్తి ఇప్పుడు గురువు ఆజ్ఞ కోసం ఎదురుచూశారు. గురువు ఒక పుల్ల ఇచ్చి, అది చిగురించిన చోట స్థిరపడమన్నారనీ, పెనుకొండలో అది చిగురించిందనీ ఇక్కడి వారు చెబుతారు. హిజ్రీ 694లో (క్రీ.శ. 1294-95) ఆయన ఇక్కడే పరమపదించారని ప్రతీతి.

ఆయన పోయిన రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచాక, 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. నేడు వారి గగన్‌మహల్ పాతకట్టడంగా మిగిలింది. రాజ్యం వదిలి వచ్చిన ఫకీరు పేరు మాత్రం ఇంకా ప్రజల నాలుకపై ఉంది.

ఇస్లాం సంపదను నిషేధించలేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) గొప్ప ధనవంతులే. అయితే ఆయన ధనం దైవమార్గంలో ఖర్చయింది. సంపద చేతిలో ఉండాలి గాని హృదయంలో కాదు. నిరాడంబరత అంటే లేమి కాదు. కలిగి ఉండి కూడా హద్దులో ఉండటం.

మరి మన ఇళ్ల సంగతి? ధర్మవరంలో రోజంతా మగ్గం మీద పట్టుచీర నేసే తండ్రి, తన కూతురి నికాహ్ వచ్చేసరికి వడ్డీకి అప్పు చేస్తాడు. హిందూపురంలో చిన్న దుకాణం నడిపే సోదరుడు, పక్కింటి వలీమాకు తీసిపోకూడదని పెద్ద షాదీఖానా మాట్లాడతాడు. జహేజ్ సామాను వీధిలో అందరికీ కనిపించాలి. విందు ఒక పూటలో ముగుస్తుంది. అప్పు మాత్రం ఏళ్ల తరబడి ఆ ఇంట్లోనే కూర్చుంటుంది. ఆ వడ్డీ పిల్లల చదువును, రోగి మందులను, చివరికి ఇంటి శాంతిని తినేస్తుంది. ఖర్చు తక్కువగా ఉన్న నికాహ్‌లోనే శుభం ఎక్కువని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలియనిది కాదు.

ఇలాంటి ఆడంబరం ఎక్కువగా మగపిల్లవాడి తల్లిదండ్రుల కోరికతోనే మొదలవుతుంది. కాబట్టి దాన్ని ఆపగలిగేది కూడా వారే. జోడే కీ రకం వద్దనడానికి రాజ్యం వదులుకోనక్కర్లేదు. ఒక్క మాట చాలు.

ఏటా ఉర్సు రోజుల్లో ఎందరో పెనుకొండకు ప్రయాణం కడతారు. బాబయ్య జ్ఞాపకం మనలో నిలవాలంటే ఆయన వదిలేసిన దాని వెంట మనం పరుగెత్తడం మానాలి. అల్లాహ్ మనకు సంతృప్తి నిండిన హృదయాన్ని, అప్పులేని జీవితాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.