అందరి పిల్లలకూ అన్నయ్య
ఈ నెల మహనీయులు: న్యాయపతి రాఘవరావు (1905–1984)



సాయంత్రం బడి వదిలాక నల్లకుంట నుంచి విద్యానగర్, తార్నాక వైపు వెళ్ళే ట్రాఫిక్‌లో, వెనక సీట్లో కూర్చున్న మీ బాబో పాపో ఏం చేస్తుంటారు? ఎక్కువ రోజులు మీ ఫోన్ చూస్తుంటారు. ఇవాళ ఇంటికి వెళ్ళాక అమ్మమ్మనో తాతయ్యనో ఒక్క మాట అడగండి, చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఏం చేసేవారని. రేడియో దగ్గర చేరి బాలానందం వినేవాళ్ళమని చెప్పేవాళ్ళు మన కుటుంబాల్లో ఇంకా చాలామందే ఉన్నారు. ఆ వెంటనే వాళ్ళ నోట రెండు పేర్లు వస్తాయి: రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య.

అన్నయ్య అసలు పేరు న్యాయపతి రాఘవరావు. అక్కయ్య ఆయన భార్య కామేశ్వరి. వరస కలవలేదే అని మీకు నవ్వు రావచ్చు. కానీ తెలుగు పిల్లలకు దశాబ్దాల పాటు వాళ్ళిద్దరూ అన్నయ్య, అక్కయ్యే.

రాఘవరావుగారు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగువాళ్ళ ఊళ్ళలో ఒకటి. 1938 జూన్‌లో మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. తెలుగు మాట కూడా గాలిలో ప్రయాణం చేయడం మొదలుపెట్టిన రోజులవి. ఆ తొలి ఏళ్ళలోనే ఈ దంపతులు పిల్లల కార్యక్రమాన్ని చేపట్టారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. పిల్లలు ఒకచోట చేరి ఆడుకోవడం, పాడుకోవడం, నాటికలు నేర్చుకోవడం దాని పని.

అప్పటికే ఇంగ్లండులో బీబీసీ పిల్లల కార్యక్రమం నడుస్తోంది. అది 1922లో మొదలైంది. దాన్ని నడిపేవాళ్ళను అక్కడి పిల్లలు అంకుల్ అనీ ఆంటీ అనీ పిలిచేవారు. మన దగ్గర ఆ చోటుకు అన్నయ్య, అక్కయ్య వచ్చారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఆలోచించి చూడండి. మామయ్య బహుమతి తెచ్చి ఇచ్చి వెళ్ళిపోతాడు. అన్నయ్య మనతో కలిసి ఆడతాడు, మన వంతు వస్తే మనల్ని ఆడనిస్తాడు.

రేడియో నాటిక ఎలా తయారవుతుందో మన పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. అందులో తెర లేదు, వేషం లేదు, లైట్లు లేవు. రాజుగారి కోపం, అడవిలో చీకటి, ముసలవ్వ దగ్గు, అన్నీ గొంతులోనే చూపించాలి. దూరం నుంచి పిలిచేవాడు మైకుకు రెండడుగులు వెనక్కి జరగాలి. చెవిలో రహస్యం చెప్పేవాడు దగ్గరికి రావాలి. చేతిలో కాగితం గరగరలాడితే అదీ ఊరంతటికీ వినిపిస్తుంది. పైగా ఆ తొలి రోజుల్లో టేపు రికార్డర్లు లేవు. ప్రసారాలు చాలావరకు నేరుగా సాగేవి. తప్పు దొర్లితే చెరిపేసి మళ్ళీ చెప్పే వీలు లేదు. పక్కవాడు మాట మరిచిపోతే ఇంకొకడు అందుకుని ముందుకు నడపాల్సిందే. పిల్లలతో అలాంటి పని చేయించాలంటే ఎంత సాధన కావాలి, ఎంత ఓర్పు కావాలి!

రాఘవరావుగారు పిల్లల కోసం నాటికలు రాశారు, వాళ్ళచేతే వేయించారు. రేడియోతో ఆగలేదు. 1945లో ‘బాల’ అనే మాసపత్రిక మొదలుపెట్టి, 1959 వరకు నడిపారు. ఆ పత్రికలో ఒక కథ పడింది. రాసిన అబ్బాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు. అతనే తర్వాతి కాలంలో ‘బుడుగు’ రాసిన ముళ్ళపూడి వెంకటరమణ. ఆయనకది అచ్చయిన మొదటి కథ. ఆయన స్నేహితుడు, ఇంకా చిన్నవాడు, బొమ్మలు వేసి అదే పత్రికకు ఇచ్చేవాడు. అతను బాపు. తెలుగు ఇళ్ళలో బాపు బొమ్మ ఎరుగని గోడ, రమణ మాట ఎరుగని మనిషి లేరంటే అతిశయోక్తి కాదు. ఆ ఇద్దరి తొలి అడుగులు పడ్డ వాకిట్లో అన్నయ్య ఉన్నారు. 1954లో సంఘం పిల్లలు నటించిన చిన్న చిత్రాలు ‘బాలానందం’ పేరుతో సినిమాగా కూడా వచ్చాయి.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఏడే అన్నయ్య, అక్కయ్య మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చారు. బాలానందం ఇక్కడి నుంచి సాగింది. మన బడి నుంచి నారాయణగూడ, హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్ మీదుగా వెళితే అసెంబ్లీ ఎదురుగా ఆకాశవాణి భవనం వస్తుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు కారు కాస్త నెమ్మది చేసి పిల్లలకు చూపించండి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. నెమ్మదిగా ఇళ్ళలో రేడియో చోటు టీవీ తీసుకుంది. 1980లో అక్కయ్య, 1984 ఫిబ్రవరి 24న అన్నయ్య కన్నుమూశారు.

ఈ నెల ఆయన గురించి ఎందుకు రాస్తున్నామో కూడా చెప్పాలి.

మన వార్షికోత్సవాల్లో నాటకాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. మాటలన్నీ ముందే స్టూడియోలో రికార్డు చేయిస్తాం. వేదిక మీద పిల్లలు పెదవులు కదుపుతారు. వీడియో బాగా వస్తుంది, తప్పులుండవు, మీరూ సంతోషిస్తారు, మేమూ ఊపిరి పీల్చుకుంటాం. కిందటిసారి ఒక నాటిక మధ్యలో సౌండు ఆగిపోయింది. అరనిమిషమే. వేదిక మీద నాలుగో తరగతి పిల్లలు ఎనిమిదిమంది కదలకుండా నిలబడిపోయారు. ఒక్కరి నోటా తర్వాతి మాట రాలేదు. వాళ్ళ తప్పేం లేదు. ఆ మాటల్ని మేం వాళ్ళకు ఎప్పుడూ ఇవ్వనేలేదు. వింగ్‌లో నిలబడి చూసిన మాకు ఆ అరనిమిషం ఇప్పటికీ గుర్తుంది.

తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడలేకపోతున్నాడని పేరెంట్స్ మీటింగులో మీలో చాలామంది మాతో అంటుంటారు. మాట్లాడే అవసరం మనం కల్పిస్తే కదా మాట వచ్చేది! ఎనభై ఏళ్ళ కిందట, తప్పు దిద్దుకునే వీల్లేని మైకు ముందు పిల్లల్ని నిలబెట్టడానికి అన్నయ్య వెనకాడలేదు. అంతకన్నా ఎన్నో సౌకర్యాలున్న మనం వెనకాడుతున్నాం.

అందుకే ఈసారి వార్షికోత్సవంలో ఒక తెలుగు నాటిక రికార్డింగు లేకుండా, పిల్లల సొంత గొంతుతో వేయించాలని తెలుగు విభాగం నిర్ణయించింది. ఎవరో ఒకరు మాట మరిచిపోవచ్చు. ఒకరి గొంతు చివరి వరుసకు అందకపోవచ్చు. అది మీ అబ్బాయే కావచ్చు, మీ అమ్మాయే కావచ్చు. అప్పుడు మీరు ఫోన్ దించి, చప్పట్లు కొట్టాలని ముందుగానే అడుగుతున్నాం.

ఈ లోపు ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీ ఆపి, మీ బిడ్డకు తెలిసిన ఏదో ఒక కథను రేడియో నాటికలా వేయించండి. మీరు కళ్ళు మూసుకుని వినండి. సింహం గొంతు ఎవరిది, కుందేలు గొంతు ఎవరిది అన్నది వాళ్ళనే తేల్చుకోనివ్వండి. గుర్రపు డెక్కల చప్పుడుకు రెండు కొబ్బరి చిప్పలు చాలు. మధ్యలో ఆగితే అందించకండి, కాసేపు ఆగి చూడండి. తర్వాతి మాట వాళ్ళే వెతుక్కుంటారు.

తాతయ్యకూ ఒక పాత్ర ఇవ్వడం మాత్రం మరిచిపోకండి. ఆయనకు బాలానందం రోజులు గుర్తుండే ఉంటాయి.

తెలుగు విభాగం, నల్లకుంట శాఖ