నోబెల్‌ను ఓడించిన ఒక్క మాట

ఆల్ఫ్రెడ్ నోబెల్ అనగానే డైనమైట్ గుర్తొస్తుంది. కానీ చివరి పదేళ్లలో ఆయన్ను ముప్పుతిప్పలు పెట్టింది డైనమైట్ కాదు, పాత తుపాకిమందుకు బదులుగా ఆయన తయారుచేసిన బాలిస్టైట్.

1833లో స్టాక్‌హోంలో పుట్టి, రష్యాలో పెరిగాడు. 1864లో నైట్రోగ్లిజరిన్ పేలి తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. మూడేళ్లకు డైనమైట్ వచ్చింది. అది బండలు పగలగొట్టడానికే పనికొచ్చేది. తుపాకీలో వేస్తే గొట్టమే పగిలేది.

తుపాకులకు అప్పటిదాకా దిక్కు నల్లటి మందే. 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. ఆ సురేకారం బ్రిటన్‌కు ఎక్కువగా మన బిహార్ నుంచే వెళ్లేది. ఈ మందు కాలితే సగానికి పైగా పొగ, మసే. మూతి నుంచి గుండు దట్టించే తుపాకీలో మసి పేరుకుంటే తర్వాతి గుండు దిగడమే కష్టం. పొగ లేచిన చోటును బట్టి శత్రువు గురి పెట్టేవాడు.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ పొగలేని మందు చేశాడు. 1887లో నోబెల్ నైట్రోగ్లిజరిన్, నైట్రోసెల్యులోజ్‌లను సమపాళ్లలో కలిపి, కాస్త కర్పూరం చేర్చాడు. విడివిడిగా భీకరంగా పేలే ఆ రెండూ కలిస్తే ఒక క్రమంలో మండాయి. (దీని ఒత్తిడికి పాత దట్టింపు తుపాకులు తట్టుకోలేవు. అది వేరే సంగతి.)

ఫ్రాన్స్ వద్దంది, ఇటలీ కొంది. అంతే, ఫ్రెంచ్ పత్రికలు ద్రోహి అన్నాయి. పారిస్ వదిలి 1891లో ఇటలీలోని శాన్‌రెమో చేరాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ లండన్‌లో తగిలింది. బ్రిటిష్ ప్రభుత్వ కమిటీలోని ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవర్‌లను నమ్మి నోబెల్ తన మందు వివరాలు చెప్పాడు. 1889లో వాళ్లే కార్డైట్ పేరుతో పేటెంట్ తీసుకున్నారు. కేసు వేస్తే అంతా ఒక్క మాట మీద తేలింది. నోబెల్ తన పేటెంట్‌లో 'కరిగే' రకం నైట్రోసెల్యులోజ్ అని రాసుకున్నాడు. కార్డైట్‌లో వాడింది కరగని రకం. 1895లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనూ ఆయన ఓడిపోయాడు. చట్టం ప్రకారం తీర్పు సరైనదే కావచ్చు. నమ్మకద్రోహం జరగలేదని మాత్రం అనలేం.

ఆ కోపంతో పేటెంట్ల మీద ఒక వ్యంగ్య నాటకం మొదలుపెట్టాడు. అది పూర్తికాలేదు. 1896 డిసెంబర్ 10న శాన్‌రెమోలో కన్నుమూశాడు.

నెగ్గిన కార్డైట్ కొన్నేళ్లకే మన దేశానికీ వచ్చింది. ఊటీ కొండ రైలు ఎక్కినవాళ్లకు కూనూరు దాటాక అరువంకాడు స్టేషన్ వస్తుంది. 1900ల మొదట్లో బ్రిటిష్ పాలకులు అక్కడ కట్టిన కర్మాగారానికి పెట్టిన పేరు కార్డైట్ ఫ్యాక్టరీ.