పెట్టెలో పట్టిన నాటకశాల : లాంగ్‌స్టన్ హ్యూస్ జీవితము

ఉగాది సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాయవలెనన్నప్పుడు కందుకూరి వారినో, గురజాడ వారినో ఎన్నుకొనుట మామూలు. వారిని గూర్చి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలమంది ఉన్నారు. కనుక మేము కొంచెము దూరము పోయి, అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌ను తీసుకొన్నాము. కవిగా ఆయన పేరు విన్నవారు ఉండవచ్చును. కథను నాటకము చేయుటలో ఆయన పడిన పాట్లు, తనవారికి సొంత రంగస్థలము కావలెనని చేసిన ప్రయత్నములు అంతగా తెలిసినవి కావు. పరాయిచోట హాలు అద్దెకు తీసుకొని, తెరలు ఎరువు తెచ్చుకొని నాటకములాడే మనవంటి ప్రవాసులకు ఈ భాగమే ఎక్కువ రుచించునని మా నమ్మకము.

హ్యూస్ మిస్సోరీ రాష్ట్రములోని జోప్లిన్ పట్టణంలో పుట్టినాడు. పుట్టిన సంవత్సరము 1902 అని ఆయన చెప్పుకొన్నాడు, పుస్తకములన్నీ అదే వ్రాసినవి. 2018లో పాత పత్రికలు తిరగవేసినవారికి 1901 అని ఆధారము దొరికినది. సర్వీసు రిజిస్టర్లలో పుట్టిన తేదీల సంగతి ఎరిగిన మా రైల్వేవారికి ఇది వింతగా తోచదు. తండ్రి, నల్లవానికి ఈ దేశంలో బ్రతుకు లేదని మెక్సికో వెళ్లిపోయినాడు. తల్లి ఉద్యోగము కోసం ఊరూరూ తిరిగినది. పిల్లవాడు కాన్సస్ రాష్ట్రం లారెన్సులో అమ్మమ్మ దగ్గర పెరిగినాడు. ఆ అమ్మమ్మ మొదటి భర్త, బానిసత్వమును కూలద్రోయుటకు 1859లో జాన్ బ్రౌన్ జరిపిన హార్పర్స్ ఫెర్రీ దాడిలో ప్రాణమిచ్చినవాడు. ఆమె చెప్పే కథలన్నీ పోరాడినవారి కథలే. తల్లికేమో నాటకములంటే ప్రాణము. చేతిలో నాలుగు డబ్బులుంటే కొడుకును వెంటబెట్టుకొని నాటకమునకు పోయేది. ఒకరి దగ్గర కథ, ఒకరి దగ్గర రంగస్థలము, ఈ రెండూ ఆయనకు ఇంటిలోనే దొరికినవి.

హైస్కూలు చదువు క్లీవ్‌లాండులో సాగినది. అక్కడ జెల్లిఫ్ అను తెల్లజాతి దంపతులు 1915లో పేదల పేటలో ఒక సేవాసదనము పెట్టి, అన్ని రంగుల పిల్లలను చేరదీసినారు. హ్యూస్ అక్కడ చిన్న పిల్లలకు బొమ్మలు వేయుట నేర్పేవాడు. తరువాతి కాలంలో కరాము అని పేరుపొందిన నాటకశాల ఈ సదనమే. గిల్పిన్ ప్లేయర్స్ అను నల్లజాతి నటబృందము ఇచ్చటనే పెరిగినది.

1921లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, ఏడాదికే మానివేసినాడు. ఓడలో కూలిగా పశ్చిమ ఆఫ్రికా చూచి వచ్చినాడు, వాషింగ్టను హోటలులో ఎంగిలి పళ్లెములు ఎత్తినాడు. 1926లో మొదటి కవితల పుస్తకము వెలువడినది. 1929లో లింకన్ విశ్వవిద్యాలయంలో పట్టము పుచ్చుకొన్నాడు.

ఇక నాటకముల సంగతి. ఫ్లారిడాలో అందరూ నల్లవారే ఉండే ఈటన్‌విల్ ఊరిలో పెరిగిన రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ అక్కడి జానపద కథలు సేకరించినది. వాటిలో ఒకటి తగవు కథ. ఇద్దరు మిత్రులు వేటలో పడిన ఒక టర్కీ కోడి కోసం పోట్లాడుకొని, ఒకడు రెండవవానిని కంచరగాడిద కాలి ఎముకతో తలమీద కొడతాడు. ఎముక ఆయుధమా కాదా అని చర్చిలో విచారణ! బైబిలులో సామ్సను గాడిద దవడ ఎముకతో వేయిమందిని చంపినాడు గదా, కంచరగాడిదకు దవడకన్న వెనుకకాలే ప్రమాదకరము గదా అని వాదించి శిక్ష వేస్తారు. 1930లో హ్యూస్, జోరా కలిసి దీనిని నాటకము చేయబూనినారు. కోడికి బదులు ఒక పిల్లను పెట్టినారు. పేరు ‘మ్యూల్ బోన్’. నల్లవారిని వెక్కిరించకుండ, వారి భాషలో వారి నవ్వును చూపే నాటకము కావలెనని ఇద్దరి ఆశ. వ్రాతప్రతిని టైపు చేసిన లూయీజ్ థామ్సన్‌కు కూడ రాబడిలో భాగమివ్వవలెనని హ్యూస్ అన్నాడట, జోరాకు అది నచ్చలేదు. ఆమె నాటకమును తన ఒక్కతె పేరనే రిజిస్టరు చేసినది. ఆ ప్రతి చేతులు మారి చివరకు క్లీవ్‌లాండు గిల్పిన్ ప్లేయర్స్‌కే చేరినది. 1931 ఆరంభంలో తల్లిని చూడ క్లీవ్‌లాండు వచ్చిన హ్యూస్, తన నాటకము తన పేరు లేకుండ ప్రదర్శనకు సిద్ధమగుట చూచినాడు. జగడము పెరిగి ప్రదర్శన ఆగిపోయినది. స్నేహమూ పోయినది. తప్పెవరిదని నేటికీ వాదులాడుకొనేవారున్నారు. కథను ఊరినుండి తెచ్చినది జోరా, నాటకమునకు కట్టుదిట్టము చేసినది హ్యూస్. ఇరువురి పేర్లూ వేసి ఉంటే సరిపోయేది కాదా అని మాకు తోచును.

రెండవ దెబ్బ బ్రాడ్వేలో తగిలినది. జార్జియాలోని తెల్ల భూస్వామికి, అతని ఇంట ఉండే నల్లజాతి స్త్రీకి పుట్టిన కొడుకు, నీవే నా తండ్రివని నలుగురిలో ఒప్పుకొమ్మని నిలదీయుట ‘ములాటో’ నాటకము కథ. 1935లో హ్యూస్ న్యూయార్కు వచ్చేసరికి రిహార్సల్సు జరుగుచున్నవి! నిర్మాత మార్టిన్ జోన్స్ తనకు తోచినట్లు మార్చివేసినాడు. చదువుకు వెళ్లవలసిన చెల్లెలికి రైలు అందకుండ చేసి, ఆమె మీద అత్యాచారము జరిపించినాడు, జనము ఎగబడి చూడవలెనని. జనము వచ్చినారు కూడ. 373 ప్రదర్శనలు జరిగినవి. 1959లో లొరేన్ హాన్స్‌బెర్రీ నాటకము వచ్చేవరకు బ్రాడ్వేలో నల్లజాతి రచయిత నాటకమేదీ అన్ని రోజులు ఆడలేదు. కాని తన సొమ్ము కోసం కూడ హ్యూస్ కొట్లాడవలసి వచ్చినది. పేరు ఆయనది, పెత్తనము మరొకరిది.

స్పెయిను యుద్ధమును గూర్చి పత్రికలకు వ్రాయుటకు వెళ్లి తిరిగివచ్చి, 1938లో లూయీజ్ థామ్సన్ తోడ్పాటుతో సొంత నాటకశాల పెట్టినాడు. ఔను, ఆ టైపు చేసిన లూయీజే. పేరు ‘హార్లెం సూట్‌కేస్ థియేటర్’. సామానంతా ఒక పెట్టెలో పట్టవలెనని నియమము. హార్లెం 125వ వీధిలో ఒక కార్మిక సంఘము వారి మేడమీది హాలు, తెర లేదు, సీనరీ లేదు. ప్రేక్షకులు నటుల చుట్టూ కూర్చొనేవారు. టిక్కెట్టు 35 సెంట్లు. నటులు పగలు పనులు చేసుకొని వచ్చే మామూలు జనము, జీతములు లేవు. తన కవితలనే ఏరి, పాటలతో గుదిగ్రుచ్చి, బానిసత్వము నాటినుండి నల్లవారి కథగా ‘డోంట్ యూ వాంట్ టు బి ఫ్రీ’ అను నాటకము కట్టినాడు. వారాంతములలో మాత్రమే ఆడుచు 135 ప్రదర్శనలు పూర్తిచేసినారు. బ్రాడ్వే 373 కన్న ఈ 135 మాకు పెద్దవిగా కనబడును. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ మూతబడినది. ఆయన లాస్ ఏంజిలిస్‌లో ఒకటి, షికాగోలో ఒకటి మళ్లీ మొదలుపెట్టినాడు. అవీ ఎక్కువ కాలము నిలువలేదు.

1942లో ఒక పానశాలలో, యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీ కార్మికుడొకడు తాను క్రాంకులు చేస్తానని, అవి దేనిని త్రిప్పునో తనకు తెలియదని చెప్పగా హ్యూస్ విన్నాడు. మన వర్కుషాపులలో అట్టివారు కొల్లలు. ఆ మాటనుండి సింపుల్ అను పాత్ర పుట్టి, ‘షికాగో డిఫెండర్’ పత్రికలో ఏండ్లతరబడి నడచినది. 1950లో ఆ కబుర్లు పుస్తకముగా వచ్చినవో లేదో, ఆలిస్ చైల్డ్రెస్ అను నల్లజాతి నటీమణి వాటిని నాటకము చేసి హార్లెంలోని క్లబ్ బారన్‌లో ఆడించినది. 1957లో హ్యూస్ కూడ సింపుల్‌ను సంగీత నాటకము చేసినాడు. చిన్న హాలులో బాగుగా నడచుచుండగా, కట్టడము నిబంధనలకు సరిపోదని అగ్నిమాపక శాఖవారు మూయించినారు. అదే ఏడు అది బ్రాడ్వేకు ఎక్కినది.

చైల్డ్రెస్ కథ ఇంకొకమాట చెప్పవలెను. ఆమె స్వయముగా వ్రాసిన ‘ట్రబుల్ ఇన్ మైండ్’ 1955లో మెప్పు పొందినది. బ్రాడ్వే నిర్మాతలు ముగింపు మార్చమన్నారు. ఆమె అందుకు చివరకు ఒప్పుకొనలేదు. ఆ నాటకము బ్రాడ్వే చేరినది 2021లో. అప్పటికి ఆమె చనిపోయి చాల ఏండ్లయినది.

హ్యూస్ పెద్ద సంపాదనపరుడు కాడు. కర్ట్ వైల్ సంగీతముతో 1947లో వచ్చిన ‘స్ట్రీట్ సీన్’కు పాటలు వ్రాసి సంపాదించిన డబ్బుతో హార్లెం 127వ వీధిలో ఇల్లు కొన్నాడు. చివరివరకు అక్కడే ఉన్నాడు. హాన్స్‌బెర్రీ తన నాటకమునకు పేరు ఆయన కవితనుండే తీసుకొన్నది.

1967 మే 22న న్యూయార్కులో శస్త్రచికిత్స తరువాత మరణించినాడు. ‘మ్యూల్ బోన్’ తొలిసారి రంగస్థలమెక్కినది 1991లో, పుట్టిన అరువది ఏండ్లకు. అప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నవి, ఇద్దరూ లేరు. ఆ సంవత్సరమే ఆయన చితాభస్మమును హార్లెంలోని షోంబర్గ్ గ్రంథాలయపు నేల క్రింద ఉంచినారు. ఆ ప్రక్కనే ఉన్న సభాభవనమునకు ఆయన పేరే పెట్టినారు.