ఇవాన్ పావ్‌లోవ్

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో గొఱ్ఱెలమంద వెంట నడచు కావలికుక్కను ఎఱుగని బాలుడుండడు. క్రొత్తవాడు సమీపింపగనే అది పండ్లు బయటపెట్టి మొఱుగును. దానిని మనము కోపమందుము. కాని అట్టి కోపమునకు పెక్కుసారులు భయమే మూలము. కుక్కలలో భయమెట్లు నాటుకొనునో శాస్త్రరీతిగా పరిశోధించినవారిలో అగ్రగణ్యుడు ఇవాన్ పావ్‌లోవ్.

ఆయన 1849 సెప్టెంబరు 26వ తేదీన రష్యాదేశమందలి ర్యాజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ పురోహితుడు. బాల్యమున ఎత్తయిన చోటినుండి పడి గాయపడుటచే పదునొకండవ యేటివఱకు బడికి పోజాలకపోయెను. పిదప పురోహితుడగుటకై మతపాఠశాలలో చేరెను. కాని విజ్ఞానశాస్త్ర గ్రంథములు ఆయన మనస్సును మఱల్చినవి. 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందెను.

ఆ పరిశోధనలు కుక్కలపై జరిగినవి. ఆహారము నోట పడకముందే, దానిని తెచ్చు పరిచారకుని అడుగుల చప్పుడు వినగనే కుక్కల నోట లాలాజలము ఊరుట ఆయన గమనించెను. ఒక గుర్తు వెంట మాటిమాటికి ఆహారమిచ్చినచో, తుదకు ఆ గుర్తొక్కటియే చాలును. దీనికే నిబంధిత ప్రతీకార చర్య యని పేరు. సుఖమువలెనే భయమును ఇట్లే గుర్తులకు అంటుకొనును.

1924 సెప్టెంబరు 23వ తేదీన లెనిన్‌గ్రాడ్ నగరమును వరద ముంచెత్తెను. కుక్కలశాలలోనికి నీరు చొరబడెను. సేవకులు కుక్కలను నీటిలో ఈదించి ప్రయోగశాలకు చేర్చిరి. ప్రాణములు దక్కినవి గాని కొన్ని కుక్కల స్వభావము చెదరెను. అందొక కుక్క నేర్చినదెల్ల మఱచి, ఆహారమునుగూడ ముట్టదయ్యెను. దానిని ఎవరును దండింపలేదు. ఎఱిగిన పరిశోధకుడొకడు దాని చెంతనే గదిలో కూర్చుండగా, అది క్రమముగా తేఱుకొనెను. పిమ్మట ఒకనాడు తలుపుక్రిందుగా సన్నని నీటిధారను పాఱింపగనే పాతభయము మరల పైకొనెను. నాటుకొన్న భయము సులభముగా నశింపదని, లోలోపల దాగియుండునని తేలెను.

తరువాత ఆయన శిష్యులు కుక్కపిల్లలను కొన్నిటిని పంజరమునందును, కొన్నిటిని స్వేచ్ఛగను పెంచిరి. పంజరమున పెరిగినవి స్వల్పమైన క్రొత్త చప్పుడుకును బెదరినవి. లోకము నెఱుగకపోవుటయే వాని పిఱికితనమునకు కారణము.

భయపడి కఱచు కుక్కను కొట్టినచో భయము హెచ్చును, కాటును హెచ్చును. కావున అది బెదరు వస్తువును మొదట దూరమున చూపి, ఇష్టమైన ఆహారమిచ్చుచు, దినదినము కొంచెముగా దగ్గఱ చేయవలెనని నేటి పశువైద్యులు బోధింతురు. తెలియని కుక్క ఎదురైనపుడు పరుగెత్తరాదు, దాని కన్నులలోనికి తేఱి చూడరాదు, మెల్లగా తొలగిపోవలెను. కఱచినచో గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

తన ప్రయోగములందు కుక్కలు బాధలు పడినవని పావ్‌లోవ్ ఎఱుగును. ఆయన కోరికపై 1935లో లెనిన్‌గ్రాడ్‌న కుక్కకు స్మారకచిహ్నము నిలుపబడెను. మఱుసటి యేట, 1936 ఫిబ్రవరి 27వ తేదీన ఆయన కన్నుమూసెను. మూగజీవి కోపము వెనుక దాగిన భయమును గుర్తించుటయే ఆయన శాస్త్రమునుండి మనము గ్రహింపదగిన పాఠము.