నవ్వుల రాణి లూసిల్ బాల్

నవ్వు నాలుగు విధాల చేటు అని సామెత. కాని ఆ నవ్వునే పెట్టుబడిగా పెట్టి పెద్ద స్టూడియోకు యజమానురాలైన స్త్రీ ఒకరు అమెరికాలో ఉండేది. ఆమె పేరు లూసిల్ బాల్. టెలివిజన్‌లో ఆమె నటించిన 'ఐ లవ్ లూసీ' అనే హాస్య ధారావాహిక అనేక దేశాల వారిని నవ్వించింది. తెరపై తెలివితక్కువ ఇల్లాలుగా అగుపించిన లూసిల్, తెర వెనుక మహా పట్టుదల గల మనిషి. భర్తకు దూరం కాకూడదని ఆమె పట్టిన పట్టు నుంచే ఆ ధారావాహిక పుట్టింది. దానివల్ల పేరు, డబ్బు, సంస్థ అన్నీ నిలబడ్డాయి. సంసారం మాత్రం నిలవలేదు.

కష్టాల బాల్యం

న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న పట్నంలో 1911 ఆగస్టు 6న లూసిల్ జన్మించింది. తండ్రి టెలిఫోను కంపెనీలో తీగలు లాగే పనివాడు. 1915లో టైఫాయిడ్ జ్వరంతో ఆయన కన్ను మూసేనాటికి పిల్లకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. తల్లి అప్పుడు గర్భవతి. తండ్రి పోయిన కొన్ని నెలలకు తమ్ముడు పుట్టాడు. పిల్లలిద్దరూ పక్కనున్న సెలొరాన్ గ్రామంలో అమ్మమ్మ, తాతల ఇంట పెరిగారు. తాతకు వినోద ప్రదర్శనలంటే ప్రాణం. మనుమలను వెంటబెట్టుకుని తీసుకువెళ్ళి చూపించేవాడు.

పదిహేనో ఏట తల్లి ఆమెను న్యూయార్క్ నగరంలోని నాటక పాఠశాలలో చేర్పించింది. పిల్ల మరీ బిడియస్తురాలని, నటనకు పనికిరాదని తేల్చి ఉపాధ్యాయులు ఇంటికి పంపేశారు.

1927లో ఆ ఇంటి మీద పిడుగు పడ్డంత ఆపద వచ్చింది. తాత మనుమడికి చిన్న తుపాకి కొనిచ్చి, పెరట్లో గురి కొట్టడం నేర్పుతున్నాడు. ఆ సమయంలో గుండు తగిలి పొరుగింటి కుర్రవాడు ఇక నడవలేని వాడయ్యాడు. కోర్టు వ్యవహారంలో తాత ఇల్లు పోయింది. కుటుంబం అద్దె ఇంటికి మారింది.

లూసిల్ మళ్ళీ న్యూయార్క్ చేరి దుస్తుల దుకాణంలో కొత్త దుస్తులు తొడిగి ఖాతాదారులకు చూపే పనికి కుదిరింది. మధ్యలో జబ్బు చేసి కాళ్ళు స్వాధీనంలో లేక కొంతకాలం పుట్టింటనే ఉండిపోవలసి వచ్చింది. కోలుకున్నాక 1933లో ఒక చిత్రంలో నాట్యబృందంలో ఒకతెగా అవకాశం దొరికి హాలీవుడ్ వెళ్ళింది. తర్వాత ఆర్.కె.ఓ. స్టూడియోలో చిన్న జీతానికి చిన్న వేషాలు వేసింది. పదిహేనేళ్ళకు పైగా శ్రమించినా వెండితెరపై అగ్రతార కాలేకపోయింది.

పెళ్ళి, పట్టుదల

1940లో ఒక చిత్రంలో కలిసి నటిస్తూ డెసీ ఆర్నాజ్‌తో పరిచయమై, ఆ ఏడే అతన్ని పెళ్ళాడింది. ఆర్నాజ్ క్యూబా దేశస్థుడు. విప్లవం వల్ల ఆస్తి పోగొట్టుకుని అమెరికా వచ్చిన కుటుంబం వారిది. అతను లూసిల్ కన్న ఆరేళ్ళు చిన్న. పాటగాడు, బ్యాండు నాయకుడు. కచేరీల కోసం ఊళ్ళు తిరిగేవాడు. భార్య హాలీవుడ్‌లో, భర్త ప్రయాణాల్లో. దానికి తోడు అతని తాగుడు, పరస్త్రీ వ్యామోహం. 1944లో విడాకులకు దరఖాస్తు పెట్టి కూడా లూసిల్ రాజీపడింది.

1948లో సి.బి.ఎస్. రేడియోలో ఆమె మొదలుపెట్టిన హాస్య కార్యక్రమం బాగా నడిచింది. దాన్ని టెలివిజన్‌కు మార్చమని సంస్థ అడిగింది. తన భర్తే భర్త పాత్ర వేయాలని ఆమె షరతు పెట్టింది. ఆర్నాజ్ మాట యాసగా ఉంటుందని, అమెరికా యువతికి విదేశీయుడు భర్తంటే ప్రేక్షకులు నమ్మరని సి.బి.ఎస్. వారు సందేహించారు. భార్యాభర్తలు వాదనకు దిగలేదు. 1950లో ఊరూరా తిరిగి వేదికలపై జంటగా హాస్య ప్రదర్శనలు ఇచ్చారు. జనం విరగబడి నవ్వారు. సంస్థ దిగివచ్చింది.

మరొక చిక్కు మిగిలింది. ఆ రోజుల్లో ముఖ్యమైన కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి నేరుగా ప్రసారమయ్యేవి. భార్యాభర్తలు హాలీవుడ్ విడిచి రామన్నారు. సినిమాలాగా ఫిల్ముపై తీస్తామన్నారు. ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం వచ్చింది. అప్పుడు తమ జీతంలో కొంత తగ్గించుకోవటానికి ఒప్పుకుని, ఆ ఫిల్ములపై హక్కు తమ సంస్థ డెసిలూకు ఉండాలని రాయించుకున్నారు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమానికి మళ్ళీ విలువ ఉంటుందని అప్పట్లో ఎక్కువమంది అనుకోలేదు. పాత భాగాలను మళ్ళీ మళ్ళీ చూపి డబ్బు గడించే పద్ధతి బలపడటానికి ఈ ఒప్పందం దారి తీసింది.

దాదాపు 300 మంది ప్రేక్షకులను ఎదుట కూర్చోబెట్టి, ఒకేసారి మూడు కెమెరాలతో నాటకంలా ఆడుతూ చిత్రించారు. దీపాల ఏర్పాటు పేరు పొందిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ చేశాడు. ఇప్పటికీ ఎన్నో హాస్య ధారావాహికలు ఈ పద్ధతిలోనే తయారవుతున్నాయి.

ఇంటింటా లూసీ

1951 అక్టోబరు 15న 'ఐ లవ్ లూసీ' మొదలైంది. దానికి మూడు నెలల ముందే, నలభయ్యో ఏడు దగ్గర పడుతుండగా, గర్భస్రావాల బాధలు పడిన తర్వాత లూసిల్ ఆడపిల్లను కన్నది. మిఠాయి ఫ్యాక్టరీలో పనికి కుదిరి, ముందుకు దూసుకువచ్చే చాక్లెట్లకు కాగితం చుట్టలేక నోట్లో, రవికలో కుక్కుకునే సన్నివేశం, తొట్టెలో ద్రాక్షపళ్ళు తొక్కుతూ మరొక ఆడమనిషితో కలబడే సన్నివేశం తరతరాల వారు చూసి నవ్వారు. తెరపై అప్పటికప్పుడు తోచినట్లు కనిపించే ప్రతి చేష్టనూ ఆమె ఎన్నోసార్లు సాధన చేసి చేసేది.

1952లో ఆమె మళ్ళీ గర్భవతి అయింది. గర్భిణిని తెరపై చూపడం తప్పుగా భావించే కాలమది. గర్భవతి అనే మాట కూడా వాడరాదని సి.బి.ఎస్. ఆంక్ష పెట్టింది. మూడు మతశాఖల పెద్దలకు రచన చూపించి, అభ్యంతరం లేదనిపించుకుని కథలోనే లూసీని గర్భిణిగా చూపారు. 1953 జనవరి 19న ఉదయం ఆమెకు ఆస్పత్రిలో కొడుకు పుట్టాడు. ఆ రాత్రే తెరపై లూసీకీ కొడుకు పుట్టాడు. దాన్ని 4 కోట్ల 40 లక్షల మంది చూశారని అంచనా. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్ష పదవీ స్వీకారం చూసినవారు సుమారు 2 కోట్ల 90 లక్షలు.

ఆ ఏడే గండం కూడా వచ్చింది. కమ్యూనిస్టులన్న అనుమానం మీద ఎందరో నటుల, రచయితల బతుకుతెరువు పోతున్న రోజులవి. 1936లో ఆమె కమ్యూనిస్టు పార్టీ ఓటరుగా నమోదు చేయించుకున్న సంగతి బయటపడింది. ముసలి తాత మనసు కష్టపెట్టలేక అలా చేశానని ఆమె విచారణ సంఘానికి చెప్పింది. తప్పేమీ లేదని సంఘం తేల్చింది. ఆ వారం చిత్రణకు వచ్చిన ప్రేక్షకులు చప్పట్లతో ఆమెను ఆదరించారు.

ధారావాహిక 1957 వరకు ఆరు సీజన్లు నడిచింది. వాటిలో నాలుగింట దేశంలో అదే ప్రథమ స్థానం. లూసిల్ ఒకప్పుడు చిన్న వేషాలు వేసిన ఆర్.కె.ఓ. స్టూడియోను 60 లక్షల డాలర్లకు పైగా చెల్లించి డెసిలూ కొనేసింది.

యజమానురాలుగా

పని పెరిగిన కొద్దీ ఆర్నాజ్ తాగుడూ పెరిగింది. 1960 మార్చి 2న ఇద్దరూ భార్యాభర్తలుగా చివరిసారి కెమెరా ముందు నిలిచారు. మర్నాడే ఆమె విడాకులకు దరఖాస్తు పెట్టింది. 1961లో హాస్యనటుడు గ్యారీ మోర్టన్‌ను పెళ్ళాడింది. 1962లో ఆర్నాజ్ వాటాను 25 లక్షల డాలర్లకు కొని డెసిలూ అధిపతి అయింది. అమెరికాలో పెద్ద టెలివిజన్ స్టూడియోను నడిపిన మొదటి మహిళ ఆమే. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాజిబుల్' ఆ స్టూడియోలో తయారైనవే. 1967లో సంస్థను కోటీ 70 లక్షల డాలర్లకు అమ్మివేసింది. నటిగా మరి రెండు ధారావాహికలు 1974 వరకు నడిపింది. నాలుగు ఎమ్మీ బహుమతులు అందుకుంది.

1986లో చేసిన చివరి ధారావాహిక జనానికి నచ్చక కొద్ది వారాల్లోనే ఆగిపోయింది. ఆ డిసెంబరు 2న ఆర్నాజ్ మరణించాడు. అయిదు రోజుల తర్వాత వాషింగ్టన్‌లో లూసిల్‌కు సన్మానం జరిగింది. ఆమె కోసం అతను ముందే రాసి ఉంచిన అభినందన సందేశాన్ని ఆ సభలో చదివి వినిపించారు. విడిపోయినా వారి స్నేహం చెడలేదు.

గుండె శస్త్రచికిత్స జరిగిన వారం రోజులకు, 1989 ఏప్రిల్ 26న, 77వ ఏట లూసిల్ కన్ను మూసింది. తర్వాత పిల్లలు ఆమె చితాభస్మాన్ని జేమ్స్‌టౌన్‌కు తెచ్చి, అయినవారి సమాధుల సరసన ఉంచారు.

సెలొరాన్ గ్రామస్థులకు ఆమె నేటికీ సొంత మనిషే. 2009లో అక్కడి పార్కులో పెట్టిన కంచు విగ్రహం ఆమె పోలికలు లేకుండా భయం గొలిపేలా ఉందని జనం గోల చేశారు. చివరకు 2016లో, ఆమె పుట్టినరోజున, చక్కని కొత్త విగ్రహం వెలిసింది. తాత ఇల్లు పోయి ఒకనాడు అక్కడి నుంచి కదిలిపోయిన పిల్ల, ఈనాడు ఆ గ్రామం నడిబొడ్డున నిలిచి ఉంది.