రోగి నిద్రకు కాపలా కాసిన ఫ్లారెన్స్ నైటింగేల్

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు మన పెద్దలు. ఆసుపత్రి మంచం మీద ఈ సామెత చెల్లదు. ఒళ్ళెంత అలసినా రోగికి కన్ను మూతపడదు. నొప్పి, వెలుతురు, చప్పుడు, దిగులు నాలుగూ కలసి అతనిని మేలుకొలుపుతూనే ఉంటాయి. రోగి నిద్రను కాపాడటం సేవకురాలి ప్రథమ ధర్మాలలో ఒకటని గ్రంథరూపంలో బోధించిన మహనీయురాలు ఫ్లారెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్నమైన ఆంగ్ల కుటుంబంలో జన్మించారు. పుట్టిన ఊరి పేరే ఆమె పేరయింది. రోగులకు సేవ చేయడం ఆ కాలంలో గౌరవప్రదమైన వృత్తిగా పరిగణింపబడేది కాదు. ఇంటివారు అడ్డు చెప్పినప్పటికీ ఆమె వివాహం వద్దనుకొని, 1851లో జర్మనీలోని కైసర్‌స్వెర్త్‌లో శిక్షణ పొందారు. 1854 నవంబరులో 38 మంది సేవకురాండ్రతో క్రిమియా యుద్ధ క్షతగాత్రులున్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. మురుగు, ఇరుకు, దుర్గంధం నిండిన ఆ చోట యుద్ధగాయాలకంటె అంటురోగాలే ఎక్కువమందిని బలిగొన్నాయి. రాత్రివేళ దీపం చేతబట్టి మంచాల నడుమ నడచిన ఆమెకు దీపధారిణి అన్న కీర్తి లభించింది.

ఆ అనుభవసారమే 1859లో వెలువడిన రోగిసేవా గ్రంథం. అందులో చప్పుడును గురించి ఒక అధ్యాయమే ఉంది. తొలి నిద్రలో లేపబడిన రోగికి ఆ రాత్రి మరల నిద్ర పట్టడం దుర్లభమనీ, కొన్ని గంటలు నిద్రించిన తరువాత మెలకువ వస్తే తిరిగి పట్టే అవకాశం ఎక్కువనీ ఆమె గమనించారు. నొప్పి నొప్పినే పెంచుతుంది. నిద్ర ఆ గొలుసును తెంచుతుంది అన్నది ఆమె భావన. పెద్ద శబ్దాలకంటె గది వాకిట గుసగుసలు, బట్టల రెపరెపలు, చెప్పుల కిరకిరలు రోగిని ఎక్కువ బాధిస్తాయని హెచ్చరించారు. ఆ గుసగుసలు తనను గురించేనేమో అని రోగి చెవులు రిక్కించి వింటాడు కదా!

సాయంత్రం ఐదు గంటల తరువాత రోగికి టీ, కాఫీలు సాధారణంగా ఈయరాదన్నది ఆమె మరొక సూచన. పళని కొండవాలులలో కాఫీ పండే పెరియకుళం ప్రాంతంవారు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఆమె మందులను ద్వేషించిన మనిషి కాదు. యుద్ధభూమిలో సోకిన జ్వరం ఆమెను జీవితాంతం పీడించింది; 1857 తరువాత చాలా ఏళ్ళు మంచం మీదనే గడిపారు. 1866లో తీవ్రమైన నొప్పికి అప్పుడప్పుడే వచ్చిన కొత్త పద్ధతిలో చర్మం క్రింద నల్లమందు ఎక్కించుకున్నారు. ఒక రోజంతా ఉపశమనం కలిగింది గాని, బుద్ధి చురుకుదనం తగ్గిందని నిజాయితీగా వ్రాసుకున్నారు. మందు చేసే మేలునూ, అది అడిగే మూల్యాన్నీ తన ఒంటి మీదనే చవిచూసిన స్త్రీ ఆమె.

ఆ మంచం మీది నుండే ఆమె భారతదేశం కోసం శ్రమించారు. ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై 1863లో వెలువడిన రాజసంఘం నివేదికలో ఆమె కృషి ప్రధానమైనది. 1876-78 నాటి మద్రాసు కరవు తరువాత, గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పక్షాన నిలచి, నీటిపారుదలే ప్రజల ప్రాణమని వాదించారు. ఆ కరవు గుణపాఠమే పెరియార్ ఆనకట్టకు దారితీసి, ఆనాటి పెరియకుళం తాలూకాలోని కంబం లోయకు 1895లో నీటిని తెచ్చింది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వపు ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం పొందిన తొలి మహిళగా నిలచిన ఆమె, 1910 ఆగస్టు 13న తన 90వ ఏట నిద్రలోనే కన్నుమూశారు.

ఆమె బోధ నేటికీ పాతబడలేదు. రాత్రివేళ వార్డులలో శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అదే సంవత్సరం అమెరికాలో 852 మంది వృద్ధరోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. నిద్రమాత్రకు బదులు వేడి పానీయం, వీపు మర్దన, మృదు సంగీతం ఇవ్వడం ఆ పరిశోధనలోని జాగ్రత్తలలో ఒకటి. ఆ జాగ్రత్తలన్నీ కలసి, మతిభ్రమ కలిగినవారి సంఖ్యను నూటికి 15 నుండి సుమారు 10కి తగ్గించాయి. నిద్రమాత్రలు వృద్ధులలో మత్తుకూ, తూలిపడటానికీ కారణం కావచ్చు గనుక వైద్యుని సలహాపై, అవసరమైనన్ని రోజులే వాడాలి. చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానరాదు. నొప్పి వల్ల నిద్ర పట్టకపోతే ముందుగా నొప్పికి మందు అడగాలి.

ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పెరియకుళం కుటుంబాలలో రోగికి తోడుగా ఆసుపత్రిలో పడుకునేవారు అన్నో, అక్కో, కోడలో అయి ఉంటారు. దీపం తగ్గించడం, ఫోను మోగకుండా చూడటం, పగలు కిటికీ తెరచి ఎండ తగలనీయడం, భయపడే ముసలివారితో ఇంటిమాటలో నాలుగు ముక్కలు చెప్పడం వారి చేతిలోని పనులు. వీటికి చీటీ అక్కరలేదు, ఖర్చు లేదు. దీపధారిణి జీవితం మనకు అప్పగించిన బాధ్యత ఇదే.